వశిష్ఠుడు ఒక్కడు కాదు

నగరం వెలుతుర్లోనూ, చిన్న టెలిస్కోపులోనూ కనువిందు చేసే జంట తారలు

మే నెల, రాత్రి ఎనిమిదిన్నర. కూకట్‌పల్లిలో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు డాబా. పగలంతా కాగిన సిమెంటు వేడి ఇంకా పాదాలకు తగులుతోంది. ఓ పక్క నీళ్ల ట్యాంకులు, ఇంకో పక్క ఆరేసిన బట్టలు, కింద రోడ్డు మీద నుంచి పైకి కొట్టే తెల్లటి వెలుగు. తలెత్తి చూస్తే లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే. తొమ్మిదో తరగతి చదివే పిల్లాడొకడు మూడు కాళ్ల స్టాండు మీద 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు బిగించుకుని ఉత్తరం వైపు తిప్పుతున్నాడు. బట్టలు తీసుకెళ్దామని వచ్చిన మూడో అంతస్తు ఆవిడ ఆగింది.

"ఇంత వెలుతుర్లో ఏం కనబడుతుందిరా?"

"అరుంధతి చూస్తారా ఆంటీ?"

"మా పెళ్లిలో పంతులుగారు చూపించార్రా. అదిగో తల్లీ, కనబడిందా అన్నారు. కనబడిందని తలూపాను. షామియానా గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు."

ఆవిడ కళ్లద్దాలు తీసి ఐపీస్ దగ్గర వంగింది. కాసేపు కన్ను అటూ ఇటూ జరుపుకుంది. ఉన్నట్టుండి నిశ్చలంగా నిలబడిపోయింది. "మూడున్నాయేంట్రా? పెద్దదాని పక్కనే ఇంకోటుందే, అతుక్కున్నట్టు!"

"ఆ రెండూ వశిష్ఠుడే ఆంటీ. దూరంగా ఉన్నది అరుంధతి. మధ్యలో మసగ్గా ఇంకో చుక్క ఉంది, అది వీళ్లకేమీ కాదు."

బట్టల సంగతి మర్చిపోయి ఆవిడ ఫోన్ తీసింది. "ఏమండీ, ఒక్కసారి పైకి రండి." పావుగంట తిరక్కుండా డాబా మీద చిన్న క్యూ తయారైంది.

వాట్సాప్‌లో తిరిగే కథ

ముహూర్తాలు మొదలయ్యాయంటే ఓ సందేశం ఫోన్ల మీద తిరగడం మొదలవుతుంది. జంట నక్షత్రాల్లో ఎప్పుడూ ఒకటి నిలబడి ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుందట. అరుంధతీ వశిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట. అందుకే కొత్త దంపతులకు ఆ జంటనే చూపించమన్నారట. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. పంపేవాళ్ల మనసులో ఉన్న గౌరవం కూడా నిజమైనదే. కానీ అందులో ఖగోళ శాస్త్రం పేరుతో చెప్పిన మాట నిజం కాదు. ఆకర్షణతో ముడిపడిన ఏ జంటలోనైనా రెండు నక్షత్రాలూ తిరుగుతాయి. రెండింటి బరువుకూ ఉమ్మడిగా ఉండే కేంద్రం చుట్టూ ప్రదక్షిణ చేస్తాయి. ఒకటి ఆగిపోయి, రెండోదే తిరిగే జంట ఆకాశంలో ఎక్కడా లేదు.

అసలు విషయం ఆ సందేశం కన్నా ఎంతో గొప్పగా ఉంది. మామూలు కంటికి సప్తర్షుల్లోని వశిష్ఠుడి పక్కన అరుంధతి కనబడుతుంది. చూపు బాగుండి, ఆకాశం తేటగా ఉంటే చాలు. టెలిస్కోపులో వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి 1617లో గురువుగారికి ఉత్తరం రాసి ఈ నక్షత్రాన్ని చూడమన్నాడు. గెలీలియో చూశాడు, కొలతలు కూడా రాసుకున్నాడు. టెలిస్కోపు పుట్టి అప్పటికి పదేళ్లయినా కాలేదు. 1889లో అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో ఎడ్వర్డ్ పికరింగ్ ఆ రెండింటిలో ప్రకాశవంతమైన నక్షత్రం వర్ణపటాన్ని పరిశీలిస్తే గీతలు కొన్నాళ్లు రెండుగా చీలుతూ, మళ్లీ కలుస్తూ కనిపించాయి. అంటే అదీ జంటే. ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా కంటికి విడిపడనంత దగ్గరి జంట. ఆ పద్ధతిలో బయటపడ్డ మొట్టమొదటి జంట అదే. వశిష్ఠుడిలోని రెండో నక్షత్రం కూడా జంటేనని తర్వాత తేలింది. 2009లో అరుంధతికే ఓ చిన్న ఎర్రటి తోడు ఉందని కనుక్కున్నారు. మొత్తం ఆరు నక్షత్రాలు. దాదాపు 83 కాంతి సంవత్సరాల దూరంలో, అంతరిక్షంలో ఒకే దిక్కుగా సాగిపోతున్న కుటుంబం అది.

మరి అరుంధతి నిజంగా వశిష్ఠుడి చుట్టూ తిరుగుతోందా? ఇద్దరి మధ్యా ఉన్న దూరం కాంతి సంవత్సరం దరిదాపుల్లో ఉండొచ్చని అంచనా. తిరుగుతున్నా ఒక్క చుట్టుకు లక్షల ఏళ్లు పట్టాలి. కలిసి ప్రయాణిస్తున్నారన్నది మాత్రం ఖాయం.

అటకెక్కిన గొట్టాలు

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన సాయంత్రం మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు టెలిస్కోపు కావాలని మారాం చేశారో చాలామంది అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. కొన్నారు కూడా. మొదటి వారం చంద్రుడి మీద గుంటలు, రెండో వారం గురుడి నాలుగు చంద్రులు, ఇంకాస్త ఓపిక ఉంటే శని వలయం. ఆ తర్వాత? పెట్టె మీద అచ్చేసిన రంగురంగుల నీహారికల బొమ్మలు చూసి గొట్టం తిప్పితే బూడిద రంగు మసక కూడా కనబడదు. నగరం వెలుతురు దాన్ని మింగేస్తుంది. నెల తిరిగేసరికి టెలిస్కోపు అటకెక్కుతుంది.

దాన్ని కిందకు దించడానికి జంట తారలను మించిన కారణం నాకు కనబడదు. నీహారికల కాంతి పరుచుకుని పలచబడి ఉంటుంది, వీధి దీపాల వెలుగులో కలిసిపోతుంది. నక్షత్రం కాంతి ఒక్క బిందువులో ఉంటుంది. అమీర్‌పేటలోనైనా, విజయవాడ బెంజి సర్కిల్ పక్క సందులోనైనా అది నిలబడుతుంది. పున్నమి రాత్రి కూడా చూడొచ్చు. చీకటి కోసం వంద కిలోమీటర్లు కారేసుకుని వెళ్లక్కర్లేదు. ఊళ్లలో చుక్కలు పోయాయని బాధపడే మనకు ఇంకా మిగిలి ఉన్న ఆకాశం ఇదే. దాన్ని పిల్లలకు అందించకపోతే తప్పు మనదే.

> ఎంత గొట్టానికి ఎంత చూపు?
>
> నక్షత్రాల మధ్య ఎడాన్ని ఆర్క్ సెకన్లలో కొలుస్తారు. రూపాయి బిళ్లను ఐదు కిలోమీటర్ల అవతల నిలబెడితే మనకు ఎంత కనిపిస్తుందో దాదాపు అంత ఒక ఆర్క్ సెకను.
>
> 19వ శతాబ్దపు ఇంగ్లిష్ ఔత్సాహికుడు విలియం డాస్ చెప్పిన లెక్క ప్రకారం 116ను కటకం వ్యాసంతో (మిల్లీమీటర్లలో) భాగిస్తే, ఆ టెలిస్కోపు విడదీయగల అతి దగ్గరి జంట వస్తుంది. 60 మి.మీ.కి 1.9, 100కు 1.2, 200కు 0.6 ఆర్క్ సెకన్లు. రెండు నక్షత్రాలూ సమానంగా వెలుగుతుంటేనే ఈ లెక్క. ఒకటి బాగా మసకైతే ఇంకా ఎక్కువ ఎడం కావాలి.
>
> వ్యాసానికి రెండింతలు మించిన మాగ్నిఫికేషన్ వల్ల ప్రయోజనం లేదు. 60 మి.మీ. గొట్టానికి 500 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాసి ఉంటే నమ్మొద్దు. డబ్బులుంటే ఊగని స్టాండు మీద పెట్టండి.

దూరం కొలవబోతే…

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ సంగీతం చెప్పి, కచేరీలు చేసి బతికేవాడు. అద్దాలు తనే సానబట్టుకుని టెలిస్కోపులు చేసుకునేవాడు. 1779లో ఆయన జంట తారలను వరసపెట్టి వెతకడం మొదలుపెట్టాడు. ఆయన కోరుకున్నది జంటలను కాదు, దూరాలను. పక్కపక్కన కనబడే రెండు చుక్కల్లో ఒకటి దగ్గరగా, ఒకటి చాలా దూరంగా ఉంటే, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ దగ్గరిది కొంచెం కదిలినట్టు కనబడాలి. ఆ కదలికతో దూరం లెక్కగట్టొచ్చని ఆశ. ఆ వెతుకులాటలోనే 1781 మార్చి 13న యురేనస్ గ్రహం ఆయన కంటబడింది. అప్పుడు వాడిన అద్దం వ్యాసం సుమారు 157 మి.మీ. ఇవాళ మన కాలేజీ కుర్రాళ్లు కొనుక్కునే టెలిస్కోపుల సైజే.

జాన్ మిచెల్ అనే మతగురువు 1767లోనే లెక్కలు కట్టి, ఇన్ని జంటలు యాదృచ్ఛికంగా కుదరవని చెప్పాడు. హెర్షెల్ అదేమీ పట్టించుకోకుండా కొలుస్తూ పోయాడు. ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత మళ్లీ అవే జంటలను కొలిస్తే చాలా చోట్ల రెండో నక్షత్రం స్థానం మారింది. భూమి కదలికతో వచ్చే మార్పు కాదది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. పునర్వసులోని కాస్టర్ నక్షత్రం ఆయనకు గట్టి సాక్ష్యం. 1803లో లోకానికి చెప్పాడు. సౌరకుటుంబం అవతల కూడా న్యూటన్ చెప్పిన ఆకర్షణే నడుస్తోందని మొదటిసారి కళ్లతో చూసిన సందర్భం అది. నక్షత్రం బరువును సూటిగా తేల్చడానికి ఇవాళ్టికీ ప్రధానమైన ఆధారం జంట తారలే. ఎంత దూరంలో, ఎంత కాలానికి ఒక చుట్టు తిరుగుతున్నాయో తెలిస్తే బరువు తెలుస్తుంది.

తర్వాత జీతం తీసుకునే శాస్త్రవేత్తలు ఈ పనిలోకి దిగారు. అయినా ఉద్యోగం వేరే ఉండి, రాత్రిళ్లు మేలుకున్న వాళ్ల పేర్లు ఈ చరిత్రలో అడుగడుగునా తగులుతాయి. షికాగో కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసుకునే షెర్బర్న్ బర్న్‌హామ్ ఇంటి పెరట్లో ఆరంగుళాల టెలిస్కోపు పెట్టుకుని, పెద్ద వేధశాలలు ఎన్నోసార్లు గాలించిన ఆకాశంలో వాళ్ల కళ్లుగప్పిన జంటలను పట్టాడు. 1873లో 81 కొత్త జంటలతో మొదటి జాబితా అచ్చువేశాడు. 1906లో ఆయన తెచ్చిన బృహత్ పట్టికలో 13 వేలకు పైగా జంటలున్నాయి. యెర్క్స్ వేధశాలలో ప్రపంచంలోకెల్లా పెద్ద కటకంతో చూసే రోజుల్లోనూ వారమంతా కోర్టు పని చేసుకుని శని, ఆదివారాల రాత్రులు అక్కడికి వెళ్లేవాడు.

పుదుచ్చేరిలో తోకచుక్క కోసం

ఈ కథలో ఓ ముఖ్యమైన పేజీ మన పక్కనే ఉంది. 1689 డిసెంబరు. సయాం నుంచి పుదుచ్చేరి చేరిన జాన్ రిషో అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ 12 అడుగుల టెలిస్కోపుతో తోకచుక్కను చూస్తున్నాడు. దక్షిణాన కిందుగా మెరిసే ఓ పెద్ద నక్షత్రం మీదికి గొట్టం తిరిగింది. చూస్తే ఒకటి కాదు, రెండు. అది ఆల్ఫా సెంటారీ. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబమని అప్పటికి ఎవరికీ తెలియదు. దూరం 4.4 కాంతి సంవత్సరాలు. ఆ రెండు నక్షత్రాలు ఒక చుట్టు పూర్తిచేయడానికి సుమారు 80 ఏళ్లు. రిషో చూశాక నాలుగు ప్రదక్షిణలు ముగించి ఐదోది తిరుగుతున్నాయి.

లండన్ నుంచి ఇది ఎన్నటికీ కనబడదు. ఢిల్లీలో దిక్చక్రాన్ని తాకీ తాకనట్టు పోతుంది. హైదరాబాద్‌లో 12 డిగ్రీల ఎత్తుకు, తిరుపతిలో 15 డిగ్రీల పైకి వస్తుంది. మే చివర, జూన్ మొదట్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణం వైపు చెట్లూ భవనాలూ అడ్డులేని పొలం గట్టు మీద నిలబడితే చాలు. 2016లో 4 ఆర్క్ సెకన్లకు దగ్గరైన ఆ జంట ఇప్పుడు దూరం జరుగుతోంది. 60 మి.మీ. గొట్టంలోనూ విడిపోతుంది. యూరప్ ఔత్సాహికులు దీనికోసం విమానం ఎక్కాలి, మనం డాబా ఎక్కితే చాలు.

జంట తారల ముచ్చటలో మద్రాసు వాటా కూడా ఉంది. మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ విలియం జేకబ్ 1855లో '70 ఆఫియూకి' అనే జంట కొలతలు లెక్కతో సరిపోవడం లేదని, అక్కడేదో కనబడని గ్రహం ఉండొచ్చని రాశాడు. తర్వాతి కొలతల్లో అది నిలబడలేదు. అయినా సౌరకుటుంబం బయట గ్రహం ఉందని శాస్త్రపద్ధతిలో వాదించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అంతకు ముందు అదే వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకున్న గోడె వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని ఆరంగుళాల టెలిస్కోపుతో పెంచి, 1874 శుక్ర సంక్రమణాన్ని పరిశీలించాడు. సొంత డబ్బుతో, సొంత ఆసక్తితో ఆకాశం చూసిన తెలుగువాళ్లు మనకు ఆనాడే ఉన్నారు. ఈ సంగతి బడి పుస్తకాల్లో చోటు చేసుకోవాలని నా గట్టి కోరిక.

షష్టిపూర్తి చేసుకునే జంట

నక్షత్రాలు మారవని అనుకుంటాం. మనిషి జీవితకాలంలో కదలిక కనిపించే నక్షత్రాలు ఉన్నాయంటే చాలామంది నమ్మరు. సప్తర్షి మండలంలోనే, ఏడు చుక్కలకు బాగా దక్షిణంగా 'జై అర్సే మేజోరిస్' అనే చుక్క ఉంది. హెర్షెల్ 1780లో దాన్ని జంటగా గుర్తించాడు. 1827లో ఫెలిక్స్ సావరీ దాని కక్ష్యను లెక్కగట్టాడు. ఏ జంటకైనా కట్టిన మొదటి కక్ష్య అదే. ఒక చుట్టుకు 60 ఏళ్లు! ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల చక్రం ఒకసారి తిరిగేసరికి ఆ నక్షత్రాలూ ఒకసారి తిరుగుతాయి. 1990లలో బాగా దగ్గరికొచ్చి, ఇప్పుడు రెండు ఆర్క్ సెకన్లు దాటి విడివడ్డాయి. మంచి 100 మి.మీ. టెలిస్కోపు ఉన్నవాళ్లు ఇవాళ బొమ్మ గీసి దాచుకుంటే, పదేళ్ల తర్వాత గీసిన బొమ్మలో రెండో చుక్క వేరే దిక్కున ఉంటుంది.

కన్యారాశిలోని పొరిమా ఇంకా నాటకీయమైనది. ఒకే వెలుగుతో మెరిసే రెండు నక్షత్రాలు, చుట్టుకు 169 ఏళ్లు. 1836లో అవి ఎంత దగ్గరయ్యాయంటే, దక్షిణాఫ్రికాలో ఉన్న హెర్షెల్ కొడుకు జాన్‌కు ఒకే చుక్కగా కనబడ్డాయి. 2005లో మళ్లీ అంతే, మధ్య ఎడం 0.4 ఆర్క్ సెకన్లే. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వచ్చారు. పొరిమా ఎడం మూడు ఆర్క్ సెకన్లు దాటింది. కాస్టర్ జంట 1960ల చివర్లో రెండు ఆర్క్ సెకన్ల లోపుకొచ్చింది. అప్పట్లో చిన్న టెలిస్కోపులో దాన్ని విడదీయలేక తాతలు పడ్డ అవస్థ ఇప్పటి మనవళ్లకు లేదు. ఎడం ఐదున్నరకు చేరింది.

అన్నిటికన్నా కష్టమైనదీ, ఊరించేదీ లుబ్ధకుడు. ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన ఈ నక్షత్రం నడక సూటిగా లేదని, కనబడని తోడేదో దాన్ని లాగుతోందని 1844లో జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ చెప్పాడు. 1862 జనవరి 31న అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్తగా సానబట్టిన పద్దెనిమిదిన్నర అంగుళాల కటకాన్ని పరీక్షించడానికి లుబ్ధకుడి మీదికి తిప్పితే, ఆ తోడు కనబడింది. భూమంత సైజులో సూర్యుడంత బరువున్న శ్వేత కుబ్జం అది. ప్రధాన నక్షత్రం కన్నా దాదాపు పది వేల రెట్లు మసక. యాభై ఏళ్ల కక్ష్యలో ఈ కొద్ది సంవత్సరాలే అది గరిష్ఠ దూరంలో, 11 ఆర్క్ సెకన్ల ఎడంలో ఉంటుంది. లండన్‌లో లుబ్ధకుడు 22 డిగ్రీలకు మించి లేవడు. హైదరాబాద్‌లో 56 డిగ్రీలు. పైకి వచ్చిన కొద్దీ మధ్యలో గాలి తగ్గుతుంది, బొమ్మ నిలకడగా ఉంటుంది. 200 మి.మీ. టెలిస్కోపు ఉన్నవాళ్లు ఈ అవకాశాన్ని వదులుకోకూడదు. 2040ల మొదట్లో అది మళ్లీ వెలుగులో మునిగిపోతుంది.

> ఏ నెలలో ఏ జంట? (రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య)
>
> డిసెంబరు, జనవరి: అశ్వినిలోని మెసార్తిమ్. తెల్లటి సమానమైన రెండు చుక్కలు. 1664లో రాబర్ట్ హుక్ తోకచుక్కను వెతుకుతూ చూశాడు.
>
> ఫిబ్రవరి, మార్చి: గొల్లకావడి కింద మెరిసే రైజెల్, పునర్వసులో కాస్టర్. సింహరాశిలో ఆల్జీబా, రెండూ పసుపు వన్నెవి.
>
> ఏప్రిల్ నుంచి జూన్: వశిష్ఠుడు, పొరిమా, ఆల్ఫా సెంటారీ.
>
> వానాకాలంలో తెరిపి దొరికితే: అనూరాధలోని బీటా స్కార్పియై. కొత్తవాళ్లకు సులువు.
>
> సెప్టెంబరు నుంచి నవంబరు: హంస మండలంలో ఆల్బిరియో. ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం. అభిజిత్ పక్కన ఎప్సిలాన్ లైరే. బైనాక్యులర్స్‌లో రెండు, 100 మి.మీ. గొట్టంలో నాలుగు.

గాలి, ఓపిక, స్టాప్‌వాచ్

జంట తారలు చూడటానికి చీకటి అవసరం లేదు గానీ, నిలకడైన గాలి కావాలి. ఎండాకాలం సాయంత్రం డాబా నుంచి ఎగసే వేడికి నక్షత్రం కుతకుతలాడుతుంది. తెల్లవారుజామున చల్లబడ్డాక అదే జంట సూదిమొన పెట్టి విడదీసినట్టు ఉంటుంది. టెలిస్కోపును చూడటానికి అరగంట ముందే బయట పెట్టాలి. గొట్టం లోపలి గాలి బయటి వేడికి సర్దుకోవాలి. చుక్కలు మిలమిల మెరిసే రాత్రి చూడటానికి అందంగా ఉంటుంది, పనికి మంచిది కాదు. లేత మబ్బు పొరలాంటి మసక ఉన్నా గాలి కదలని రాత్రే మేలు.

దగ్గరి జంట వెంటనే విడిపోదు. మొదట కాస్త పొడుగ్గా ఉన్న చుక్క కనబడుతుంది. కన్ను తియ్యకుండా చూస్తూ ఉండాలి. గాలి ఓ క్షణం ఆగుతుంది. రెండు చిన్న బిళ్లలు, వాటి చుట్టూ సన్నటి వలయాలు, మధ్యలో వెంట్రుకంత నల్లటి సందు కనిపించి, మళ్లీ కలిసిపోతాయి. ఆ క్షణం పట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. ఆల్బిరియో రంగుల మీద భార్యాభర్తలు ఒకే ఐపీస్‌లో చూసి వాదించుకోవడం మామూలే. ఇద్దరూ నిజమే చెబుతారు. రంగు సగం నక్షత్రంలో ఉంటే సగం చూసే కంటిలో, పక్కనున్న చుక్కతో పోలికలో ఉంటుంది.

చూడటంతో ఆగక్కర్లేదు, కొలవొచ్చు. లోపల స్కేలు గీసి ఉన్న ఐపీస్ ఒకటి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు. నక్షత్రాన్ని స్కేలు ఒక కొసన పెట్టి టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే, భూమి తిరగడం వల్ల అది రెండో కొసకు జారుతుంది. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఆ జారుడు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు. ఉత్తరానికి పోయే కొద్దీ తగ్గుతుంది. వశిష్ఠుడి దగ్గర ఎనిమిదిన్నర. ఎన్ని సెకన్లు పట్టిందో చూసి హెచ్చవేస్తే స్కేలు మీద ఒక్కో గీతకు విలువ తెలిసిపోతుంది. ఆపైన జంట మధ్య గీతలు లెక్కపెట్టడమే. పదిసార్లు కొలిచి సగటు తీసి, పుస్తకాల్లో ఉన్న 14.4 ఆర్క్ సెకన్లతో పోల్చుకోవాలి. త్రికోణమితి నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఏముంటుంది? మన జిల్లా సైన్స్ ఫెయిర్లలో ఏటా అగ్నిపర్వతాలూ వాన నీటి గుంతలూ చూసే జడ్జిలకు కూడా కొత్తగా ఉంటుంది.

ఈ కొలతలు ఎక్కడికీ పోవు. వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ వేధశాల నిర్వహించే జంట తారల పట్టికలో లక్షన్నరకు పైగా జంటలున్నాయి. ఔత్సాహికుల కొలతలు అచ్చువేయడానికి ప్రత్యేక పత్రిక ఉంది. అమెరికాలో హైస్కూలు, కాలేజీ పిల్లలు తమ పేరుతో అందులో పత్రాలు రాస్తున్నారు. 2013లో ఎగిరిన యూరప్ ఉపగ్రహం గయా కోట్ల నక్షత్రాలను కొలిచింది గానీ, మరీ ప్రకాశవంతమైన వాటి దగ్గరా, మరీ దగ్గరి జంటల దగ్గరా తడబడింది. నౌకాదళ వేధశాల పట్టికలో ప్రతి జంట పక్కనా చివరిసారి కొలిచిన సంవత్సరం రాసి ఉంటుంది. కొన్నింటి పక్కన ఆ సంవత్సరం దశాబ్దాల కిందటిది. ఎవరూ పట్టించుకోని అలాంటి జంటలకు ఓ జాబితా కూడా విడిగా ఉంచారు. 150 మిల్లీమీటర్ల టెలిస్కోపు, ఓ చిన్న కెమెరా ఉన్న విద్యార్థి ఎవరైనా అందులోంచి ఒకదాన్ని ఎంచుకుని ఈ చలికాలంలోనే పని మొదలుపెట్టొచ్చు.